రెండో రెనే తల్లి

మొన్న ఆదివారం మా పక్కింటి అమ్మాయి వచ్చింది. ఇక్కడే జార్జియాలో, ఈ అల్ఫారెట్టాలోనే పుట్టి పెరిగిన పిల్ల. ఇప్పుడు ఏడో నెల. వాళ్ళాయన తెలుగువాడు కాదు, అందుకని రెండు వైపులవాళ్ళ నోళ్ళూ తిరిగే పేరు కోసం వెతుకుతోంది. సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని ఫోన్‌లో ఒక్కొక్క పేరూ చదివి వినిపిస్తోంది. నేను చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ ఊఁ కొడుతున్నాను.

"ఆంటీ, రెనే ఎలా ఉంది? ఫ్రెంచ్ నేమ్. బాయ్స్‌కి పెడతారంట. బోర్న్ అగేన్ అని మీనింగ్. క్యూట్ కదా?"

నా చేతులు ఆగిపోయాయి.

"ఏమైంది ఆంటీ? లైక్ చేయలేదా?"

"బాగుందమ్మా. నాకు తెలిసిన పేరే."

"ఓ! మీకు ఫ్రెంచ్ ఫ్రెండ్స్ ఉన్నారా?"

"ఒక మామ్మగారు ఉండేది," అన్నాను.

ఆ పిల్ల ఇంకో పేరు మీదికి వెళ్ళిపోయింది. నేను మాత్రం సాయంత్రం దాకా ఆ మామ్మగారి దగ్గరే ఉండిపోయాను.

డెబ్బైల చివర్లో మేం కెనడా సరిహద్దులో ఉన్న మెయిన్ అనే రాష్ట్రంలో, నది ఒడ్డున ఒక మిల్లు ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయనకు అక్కడి చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం. ఆ చలికీ ఆ మారుమూలకీ అక్కడి డాక్టర్లు రామంటే రామనేవారు. మనవాళ్ళకు అలాంటి చోట్లే ముందు దొరికేవి. ఊరినిండా ఫ్రెంచివాళ్ళు. ఫ్రాన్స్ నుంచి వచ్చినవాళ్ళు కాదు, బట్టల మిల్లుల్లో పనికోసం కెనడా నుంచి దిగివచ్చినవాళ్ళ పిల్లలూ మనవలూ. మేం అద్దెకున్నది మూడంతస్తుల కర్ర ఇంట్లో. రెండో అంతస్తు మాది. కింది అంతస్తులో ఇంటావిడ ఉండేది. ఆ వీధి పిల్లలూ పెద్దలూ అందరూ ఆవిణ్ణి మెమేర్ అనేవారు. అంటే వాళ్ళ భాషలో మామ్మ. ఆవిడకో సొంత పేరు ఉండే ఉంటుంది. ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. నేనూ మెమేర్ అనే పిలిచేదాన్ని.

మొదటిసారి కలిసినప్పుడు ఆవిడ నా మొహానికి జానెడు దూరంలో నిలబడి నా నోటికేసి కళ్ళార్పకుండా చూసింది. పళ్ళలో ఏదో ఇరుక్కుందేమోనని నేను నోరు మూసుకున్నాను. "తెరువు, తెరువు. నోరు మూస్తే నువ్వు చెప్పేది నాకెలా వినపడుతుంది?" అంది గట్టిగా.

పధ్నాలుగో ఏట మిల్లులో చేరిందట. మగ్గాల రొదలో పక్కమనిషి అరిచినా వినపడదు కాబట్టి అక్కడి ఆడవాళ్ళంతా పెదాల కదలికను చూసి మాట్లాడుకునేవారు. ముప్ఫై ఏళ్ళు దాటేసరికి ఆవిడ చెవులు సగానికి పైగా పోయాయి. మిల్లు మూతపడింది కానీ ఆ అలవాటు పోలేదు. వినికిడి యంత్రం ఒకటి కొడుకు కొనిపెట్టాడు. దాన్ని చక్కెర డబ్బాలో దాచేది. ఆదివారం చర్చికి మాత్రం పెట్టుకుని వెళ్ళి, ఫాదర్ ప్రసంగం మొదలవగానే తీసి పర్సులో వేసుకునేది. "పాటలకు చెవులు కావాలి. ఆయన చెప్పేదానికెందుకు? నాకు ఆ ప్రసంగం ఆయన పుట్టకముందునుంచే తెలుసు."

నాతో పని పడితే వంటింట్లో వేడినీళ్ళ గొట్టం మీద చెంచాతో కొట్టేది. టంగు టంగుమని ఆ మోత పైదాకా వచ్చేది. వస్తున్నానని చెప్పడానికి నేను కాలితో నేలను గట్టిగా తన్నాలి. కర్ర ఇల్లు కదా, ఆ అదురు గోడలగుండా దిగి ఆవిడ పాదాలకు తెలిసేది. వెనకనుంచి ఎవరొచ్చినా అంతే. మాట వినపడదు, అడుగు వినపడుతుంది. కొడుకు వచ్చినా గుమ్మంలో ఓసారి నేలను తన్ని లోపలికొచ్చేవాడు.

ఆవిడకు పేర్ల పిచ్చి. పాలు తెచ్చేవాడు, పోస్టుమాన్, కొత్తగా చేరిన నర్సు, ఎవరు కనిపించినా పేరేమిటి, దానర్థమేమిటి, ఎవరు పెట్టారు అని అడిగేది. అర్థం తెలియదంటే ఆవిడకు నచ్చేది కాదు. "రోజూ తొడుక్కునే చొక్కా. లోపలివైపు ఎలా ఉంటుందో చూసుకోవా?" అని ఒకసారి పోస్టుమాన్‌ను నిలదీసింది. పాపం అతను మర్నాడు ఇంట్లో అడిగి తెలుసుకుని వచ్చి చెప్పాడు.

నన్నూ అడిగింది. "తార. అంటే నక్షత్రం," అన్నాను.

"మంచిదే. మరి ఆ ఇంకో పేరు?"

"ఇంకో పేరేం లేదే."

"ఉంది. మెట్లు దిగేటప్పుడు డాక్టర్ నిన్ను రెండు రకాలుగా పిలుస్తాడు. కోపమొస్తే ఒకటి, నవ్వితే ఒకటి. కోపం పేరులో పెదాలు కలవవు. నవ్వు పేరులో చివర కలుస్తాయి."

మా భాష ముక్క కూడా తెలియని మనిషి, కిటికీలోంచి చూసి పట్టేసింది. ఆ పేరు నేను అమెరికాలో ఎవరికీ చెప్పలేదు. మా విజయనగరం వైపు పల్లెల్లో తప్ప బయట ఎక్కడా చెప్పలేదు. నవ్వి దాటేశాను. ఆవిడ వదల్లేదు కానీ ఇంకోవైపునుంచి వచ్చింది.

"సరే, డాక్టర్ పేరేంటి?"

"డాక్టర్."

"అది ఉద్యోగం."

మా దగ్గర ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరని చెప్పాను. పలికితే ఏమవుతుందని అడిగింది. ఆయుష్షు తగ్గుతుందంటారని చెప్పాను. "నువ్వు నమ్ముతావా?" "నమ్మను." "మరి పలుకు." నోరు తెరిచాను, రాలేదు. ఆవిడ ఒళ్ళంతా ఊగేలా నవ్వింది.

అప్పుడు నాకు ధైర్యం వచ్చి, చాలా రోజులుగా మనసులో ఉన్నది అడిగేశాను. "మీరూ మీ అబ్బాయిని పేరుపెట్టి పిలవరు కదా?"

నవ్వు ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నీకూ కళ్ళున్నాయి," అని లేచి, పొయ్యిమీద ఏమీ లేకపోయినా పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

ఆ కొడుకు సంగతి నాకు మొదటినుంచీ వింతగానే ఉండేది. నలభై దాటిన మనిషి. ఇళ్ళను వెచ్చగా ఉంచే చమురు పొయ్యిలు బాగుచేసే పని. పెళ్ళి చేసుకోలేదు, రెండు వీధుల అవతల ఉండేవాడు. ప్రతి శనివారం సాయంత్రం తల్లి రోజంతా ఉడికించిన చిక్కుడుగింజలు తినడానికి వచ్చేవాడు. తల్లి అంటే ప్రాణం. మంచు పడితే తన వాకిలికంటే ముందు ఆవిడ వాకిలి తవ్వేవాడు. కానీ ఆవిడ అతన్ని "ఒరేయ్", "అబ్బాయ్", "ఇదిగో నిన్నే" అనేది. ఎదుట లేనప్పుడు "నా వాడు" అనేది. మాకు అతను రే అని పరిచయం చేసుకున్నాడు. రే అంటే కిరణం కాబోలనుకున్నాను. తర్వాత ఒకరోజు వీధిలో ముసలాయన ఒకడు "రెయినీ!" అని కేక వేస్తే ఇతను తల తిప్పాడు. అయితే వాన అన్నమాట, వాన కురిసే రోజున పుట్టి ఉంటాడు అనుకున్నాను. మెమేర్‌కు పేర్ల మీద అంత ఆసక్తి ఉండి, సొంత కొడుకు పేరు దగ్గర నోరు కట్టేసుకుంటుందేమిటి? మొగుడి పేరు చెప్పని ఆడవాళ్ళను మా ఊరినిండా చూశాను. కొడుకు పేరు పలకని తల్లిని అక్కడే చూశాను.

ఆ ఏడాది వేసవికి నాకు నెల తప్పింది. మా అమ్మకు నాకు ముందు ముగ్గురు పుట్టి పోయారు. ఆ భయం నాలోనూ ఉందని నాకే తెలియదు. ఒక మధ్యాహ్నం మెమేర్ వరండాలో కూర్చుని ఉన్నట్టుండి ఏడ్చేశాను. ఆవిడ కారణం అడగలేదు. బఠాణీలు వలుస్తూ నా నోటికేసి చూస్తూ కూర్చుంది. అప్పుడు చెప్పాను, ఆ రెండో పేరు.

"తవిటమ్మ. తవుడు అంటే బియ్యం దంచితే వచ్చే పొట్టుపొడి. పశువులకు పెడతారు."

"నక్షత్రం నుంచి పశువుల దాణాకా?"

"దాణా నుంచే నక్షత్రానికి. నన్ను బడిలో వేసేటప్పుడు మేష్టారు వినడానికి బాలేదని తార అని రాశారు."

పిల్లలు పుట్టిపుట్టి పోతుంటే మా వైపు ఏం చేస్తారో చెప్పాను. పుట్టిన బిడ్డను చాటలో పడుకోబెట్టి ఎదురింటావిడకు అమ్మేస్తారు. ఆవిడ కాస్త తవుడు పోసి కొనుక్కుంటుంది. తర్వాత తల్లి ఆవిడ దగ్గర పెంచడానికి తెచ్చుకున్నట్టు తెచ్చుకుంటుంది. మృత్యువు ఆ ఇంటికి వస్తే అక్కడ వాళ్ళ బిడ్డ లేదు, తవుడుకి కొన్న ఎవరో పిల్ల ఉంది. దాన్నెవరు తీసుకుపోతారు? కొందరు పెంటకుప్ప మీద పడుకోబెట్టి పెంటయ్య అని పెడతారు. పేరు ఎంత హీనమైతే బిడ్డ అంత భద్రం.

ఆవిడ బఠాణీల గిన్నె పక్కన పెట్టింది. "మృత్యువును మోసం చేస్తారన్నమాట. తెలివైనవాళ్ళు." ఒళ్ళోని తొక్కలు దులుపుకుని, "మేం ఎదురు తిరిగి అడిగాం. మావాణ్ణి మాకిచ్చెయ్యి అని," అంది.

ఆవిడ మొదటి కొడుకు పేరు రెనే. తాతగారి పేరు, పెద్దగా అర్థం చూసుకోకుండానే పెట్టారు. పాకడం రాకముందే జ్వరంతో పోయాడు. మళ్ళీ ఏడాదిన్నరకు ఇంకో మగపిల్లవాడు పుట్టాడు. మొగుడు ఆ పేరే పెడదామన్నాడు. వాళ్ళ ఇళ్ళల్లో అది కొత్తేం కాదట, పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం. పైగా ఆ పేరుకు అర్థమే అది. రె అంటే మళ్ళీ, నే అంటే పుట్టినవాడు. చర్చివాళ్ళ లాటిన్‌లో రెనాటుస్. జ్ఞానస్నానంతో మనిషి రెండోసారి పుడతాడని పూర్వం పెట్టుకునేవారట.

"మా అమ్మమ్మ ఓ కథ చెప్పేది," అంది మెమేర్. "ఒక ఊళ్ళో చంటిబిడ్డ చావుబతుకుల్లో ఉంటే తల్లి బిషప్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ప్రార్థనలో ఉండి వెంటనే లేవలేదు. లేచేసరికి జ్ఞానస్నానం లేకుండానే బిడ్డ పోయాడు. బిషప్ సిగ్గుతో ఊరొదిలేసి, సముద్రం అవతలికి పోయి ఎవరింట్లోనో తోటమాలిగా బతికాడు. జనం వెళ్ళి పట్టుకొచ్చారు. ఏడేళ్ళ తర్వాత వచ్చి ఆ సమాధి దగ్గర ఏడిస్తే బిడ్డ లేచి కూర్చున్నాడు. వాడికి పెట్టిన పేరే రెనే."

"లేచాడా నిజంగా?"

"మా అమ్మమ్మ అక్కడ లేదు."

రెండో రెనే బతికాడు. బొద్దుగా పెరిగాడు. అతనికి ఏడో ఏడు వచ్చింది, బడిలో అప్పుడే చదవడం నేర్చుకున్నాడు. మే నెలాఖరున అక్కడ అందరూ సమాధుల దగ్గర పూలమొక్కలు నాటతారు. ఆవిడ వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది. మొక్క నాటుతూ ఉంది. వెనక్కి తిరిగి చూసేసరికి వాడు లేడు. ఊరంతా వెతికితే ఇంట్లో మంచం కింద దొరికాడు. రాయి మీద తన పేరు చదువుకున్నాడు. ఆ రోజునుంచి ఆ పేరుతో పిలిస్తే పలకలేదు. చెవులు మూసుకుని అరిచేవాడు. బడిలో రే అని రాయించుకున్నాడు. వీధిలో వాళ్ళు మాత్రం రెనేను ఇంగ్లీషులో అరగదీసి రెయినీ అనేవారు. దానికి ఏమీ అనేవాడు కాదు.

"ఇంకెప్పుడూ ఆ పేరుతో పిలవనని మాటిచ్చాను. రే అనడం నాకు నోరు రాదు. అది వాడి పేరు కాదు. అందుకే ఒరేయ్ అంటాను," అంది. "వాడికి చచ్చినవాడంటే భయం పట్టుకుంది. నేనే పట్టించాను."

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు చెప్పాను. ఆయన ఆలోచించి, "మన ద్విజుడు లాంటిదే. రెండుసార్లు పుట్టినవాడు. పక్షినీ ద్విజం అంటారు, ముందు గుడ్డుగా, తర్వాత పిల్లగా. పంటినీ అంటారు. రాలి మళ్ళీ పుడుతుంది కదా," అన్నారు. మర్నాడు ఇది మెమేర్‌కు చెబితే కట్టుడు పళ్ళు గోటితో టకటకలాడించి, "నావి రాలాయి. మళ్ళీ పుట్టలేదని మీవాళ్ళకు చెప్పు," అంది.

కానీ ఆ రాత్రి మా ఆయన ఇంకో మాట కూడా అన్నారు. "మనకు మగపిల్లాడైతే ప్రసాదు పేరు పెడదాం."

ప్రసాదు ఆయన తమ్ముడు. నాగావళిలో ఈతకు వెళ్ళి రాలేదు. మా పెళ్ళికి ముందే జరిగింది. ఆయన తమ్ముడి గురించి మాట్లాడటమే అరుదు. అలాంటి మనిషి అడిగితే ఎలా కాదనడం? ఎలా సరేననడం? మన ఇళ్ళల్లో పోయినవాళ్ళ పేర్లు పెట్టుకోవడం మామూలే. కానీ ఒక పిల్లవాడు మంచం కింద దాక్కున్న సంగతి అప్పుడే విని ఉన్నాను. చూద్దాంలెండి అన్నాను.

మెమేర్‌ను అడిగాను. "నన్నడిగితే ఏం తెలుస్తుంది? నేను పెట్టినదాన్ని. మోసినవాణ్ణి అడుగు," అంది.

ఆకులు రాలే రోజుల్లో రే మా గదులు వేడిచేసే రేడియేటరు బాగుచేయడానికి పైకొచ్చాడు. నాకు కడుపు బాగా కనిపిస్తోంది. కాఫీ ఇచ్చి, ఎలా మొదలుపెట్టాలో తెలియక తిన్నగా అడిగేశాను. పోయినవాళ్ళ పేరు పిల్లవాడికి పెడితే అంత కష్టమా అని.

అతను పానా కింద పెట్టాడు. చేతులు గుడ్డతో చాలాసేపు తుడుచుకున్నాడు. "మా అమ్మ చెప్పిందా?"

"సమాధి మీద మీ పేరు చూసి భయపడ్డారని చెప్పింది."

"రాయి చూసి భయపడలేదు. పేరు చదవగలిగానని సంబరపడ్డాను. మా అమ్మకు చూపిద్దామనుకున్నాను కూడా." గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. నాకు వీపు కనిపిస్తోంది. రెనే, రెనే అని పిలుస్తోంది. నేను వెనకే ఉన్నాను. ఇక్కడే ఉన్నాను అమ్మా అన్నాను. తిరగలేదు. మళ్ళీ అన్నాను. మళ్ళీ రెనే అని పిలుస్తుంది, నేను పలుకుతాను, నావైపు చూడదు. ఇంట్లో చేసినట్టు కాలితో తన్నాను. ఇంట్లో తంతే ఎప్పుడూ తిరుగుతుంది. అక్కడ తిరగలేదు. అప్పుడు తెలిసింది, ఆ పేరు నాది కాదని. వాడిది. వాడు లేడు కాబట్టి నన్ను ఉంచారు, అంతే."

"వాడు" అంటున్నప్పుడు అతని గొంతులో పగ లేదు. బస్సులో తన సీట్లో ముందే కూర్చున్న మనిషి గురించి చెప్పినట్టు చెప్పాడు.

నాకు ఏదో తట్టింది కానీ మాటలు కూడదీసుకోవడానికి సమయం పట్టింది. నా ఇంగ్లీషు అప్పటికి అంతంతమాత్రం.

"రే, అక్కడ నేల ఎలా ఉంది?"

"అంటే?"

"గడ్డేనా?"

"గడ్డే. మే నెల కదా."

"గడ్డి మీద కాలితో తంతే ఆవిడకెలా తెలుస్తుంది?"

అతను నావైపు చూశాడు. తర్వాత కింద మా వంటింటి చెక్కనేల వైపు చూశాడు. తన బూటుతో నెమ్మదిగా ఒకసారి తట్టాడు. వెంటనే కిందనుంచి గొంతు వినిపించింది, "ఏంటీ?" అని. అతను పానా పెట్టెలో పెట్టుకుని, కాఫీ అలాగే వదిలేసి వెనక మెట్లమీదుగా వెళ్ళిపోయాడు. రేడియేటరు సగమే బాగయింది. ఆ వారమంతా మేం చలికి వణికాం.

నేను మా ఆయనకు జరిగింది చెప్పాను. ఆయన భోంచేస్తున్నవారు చెయ్యి కడుక్కుని కిటికీ దగ్గర నిలబడ్డారు. "వద్దులే. ప్రసాదూ అని పిలిచినప్పుడల్లా నేనెవర్ని పిలుస్తున్నానో నాకే తెలీదు. పిల్లాడికేం తెలుస్తుంది?" అన్నారు. తర్వాత ఆ రాత్రి మొదటిసారిగా తమ్ముడి గురించి మాట్లాడారు. వాడి నవ్వు, వాడు దొంగిలించిన మామిడికాయలు, ఈత నేర్పింది తానేనన్న సంగతి.

రే ఆ తర్వాత రెండు శనివారాలు తల్లి దగ్గరికి రాలేదు. ఆవిడ చిక్కుడుగింజలు వండి, కిటికీ దగ్గర కూర్చుని, చివరికి మాకు పంపించేది. నేనేదో చెడగొట్టానని నాకు భయం వేసింది. చెప్పేద్దామా అని గుమ్మందాకా వెళ్ళి వచ్చేశాను. అది అతను చెప్పవలసిన మాట.

మాకు మగపిల్లవాడు పుట్టాడు. కాస్త ముందే వచ్చాడు కానీ గట్టివాడు. బారసాలకు బోస్టన్ నుంచి రెండు తెలుగు కుటుంబాలు మంచులో కారు నడుపుకుంటూ వచ్చాయి. మెమేర్ చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుని, చక్కెర డబ్బాలోంచి తీసిన యంత్రం చెవిలో పెట్టుకుని, అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. రేను కూడా పిలిచాం. వస్తాడనుకోలేదు. మా ఆయన స్టీలు పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాస్తుండగా వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు.

"ఏం రాస్తున్నాడు?" అంది మెమేర్.

"ఉదయ్. సూర్యుడు పైకి రావడం."

"ఇంతకుముందు మీ ఇంట్లో ఎవరికైనా ఉందా ఈ పేరు?"

"లేదు."

ఆవిడ తల ఊపింది. మా ఆయన వంగి బిడ్డ చెవిలో పేరు చెప్పారు. చెవిలో ఎందుకని అడిగింది. "వాడి పేరు వాడు ముందు సొంతవాళ్ళ నోట వినాలని," అన్నాను. శాస్త్రంలో ఏముందో నాకు తెలియదు, తోచింది చెప్పాను.

అప్పుడు నేల అదిరింది. పళ్ళెంలో బియ్యం కదిలింది. అందరూ ఉలిక్కిపడ్డారు. మెమేర్ వెనక రే నిలబడి ఉన్నాడు. ఇంకోసారి కాలితో తన్నాడు. ఆవిడ తిరిగింది. అతను ఆవిడ కుర్చీ ముందుకు వచ్చి, తన మొహం ఆవిడకు సరిగ్గా కనిపించేలా మోకాళ్ళ మీద కూర్చుని, ఫ్రెంచిలో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు చాలా చిన్నగా ఉంది. ఆవిడ చెవిలోని యంత్రం తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. అతని పెదాలనే చూస్తోంది. మధ్యలో చెయ్యి చాచి అతని గడ్డం పట్టుకుని కొంచెం వెలుతురు వైపు తిప్పింది.

మాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అర్థమైనట్టు ఎవరూ కదల్లేదు. బోస్టన్ నుంచి వచ్చిన ఒకావిడ, ఎవరో నాకు ఇప్పుడు గుర్తు లేదు, బిడ్డను నా చేతుల్లోంచి తీసుకుంది.

చివరికి మెమేర్ ఏదో ఒక్క మాట అంది. అతను తల వంచి ఆవిడ మోకాళ్ళ మీద పెట్టేశాడు. ఆవిడ అతని బట్టతల మీద అరచేత్తో తడుతూ ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంది. అది మాత్రం నాకు అర్థమైంది. రెనే.

తర్వాత రెండు రోజులకు నన్ను గొట్టం మోగించి పిలిచింది. వెళ్తే టీ పోసి ఎదుట కూర్చుంది. "వాడు నన్ను పిలిచాడట. నేను చచ్చినవాణ్ణి పిలుస్తుంటే బతికినవాడు వెనకనుంచి పిలిచాడట," అంది. కళ్ళు తుడుచుకోలేదు. "నాకు తెలియదు చూడు. ఇన్నేళ్ళూ వాడికి భయమనుకున్నాను. కాదు. వాడు పలికాడు."

ఆ తర్వాత మేం ఆ ఇంట్లో ఉన్నంతకాలం ఇంకో రకం గోల మొదలైంది. రే కారు వీధి మొదట్లో తిరగ్గానే మెమేర్ వరండాలోకి వచ్చి, మిల్లులో పనిచేసిన గొంతుతో "రెనే!" అని కేక పెట్టేది. అటు మూడో ఇంటి వరండాలో బట్టలారేస్తున్నవాళ్ళు తిరిగి చూసేవారు. అతను సిగ్గుతో ఎర్రబడి, "ఏంటమ్మా, ఏం కావాలి?" అని పరుగున వచ్చేవాడు. "ఏం అక్కర్లేదు," అనేది. లోపలికెళ్ళి కూర్చోగానే మళ్ళీ పిలిచేది. ఉప్పు అందుకోమని పిలిచేది. కుర్చీ జరపమని పిలిచేది. ఊరికే పిలిచేది. మా ఉదయ్‌కు మాటలు వచ్చాక, అమ్మ, నాన్న తర్వాత వాడు నేర్చుకున్న మాట రెనే. వరండా కంతల్లోంచి తల పెట్టి వాడూ కేక పెట్టేవాడు. అతను ఇద్దరికీ పలికేవాడు.

వాడికి అయిదో ఏడు వచ్చేలోగా మా ఆయనకు జార్జియాలో ఉద్యోగం దొరికింది. వెళ్ళేరోజున మెమేర్ నన్ను గుమ్మంలో ఆపి, నా నోటికేసి చూస్తూ, "ఒకసారి డాక్టర్ పేరు చెప్పు. ఇంకెప్పుడు వింటాను?" అంది. ఆయన కారులో ఉన్నారు, వినపడదు. గొంతు లేకుండా పెదాలతో చెప్పాను. ఆవిడ శ్రద్ధగా చూసి, "మంచి పేరు. వృథా చేస్తున్నావు," అంది.

అప్పుడప్పుడు ఫోన్ చేసేదాన్ని. ఆవిడకు ఫోన్ వినపడదు కాబట్టి కొడుకు అందుకుని తను మధ్యలో చెప్పేవాడు. ఎప్పుడూ నేనే చేసేదాన్ని. ఎనభైల మధ్యలో, ఎండలు ముదిరే రోజుల్లో ఒక పొద్దున్న అటునుంచి ఫోన్ వచ్చింది.

"హలో, నేను రెనేని," అన్నాడు.

ఆ ఒక్క మాటతోనే ఎందుకు చేశాడో తెలిసిపోయింది. ముందురోజు మధ్యాహ్నం కుర్చీలో కూర్చునే పోయిందట. నిద్రపోతోందనుకుని కాలితో నేలను తన్నాడట, తిరగలేదట.

అక్కడ పద్ధతులేమిటో, ఎక్కడ పెడతారో అని అడిగాను.

"మా అన్నయ్య పక్కన," అన్నాడు. మళ్ళీ తనే అందుకున్నాడు. "రేపు చర్చి పూజలో ఫాదర్ పిల్లల పేర్లు చదవాలట. పిల్లలెంతమంది అని అడిగాడు. ఇద్దరన్నాను. పేర్లు అడిగాడు. రెనే, రెనే అని చెప్పాను. ఆయన పొరపాటనుకుని ఒకటే రాసుకున్నాడు. రెండుసార్లు రాయించాను."